మందులవ్వకు నిద్ర ఎందుకు పట్టలేదు?

(ఒక దళితవాడలో రాత్రిపూట జరిగిన సభలో ఒక ఆరోగ్య కార్యకర్త మాట్లాడిన మాటలు ఇవి. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



ఈ సభకు నన్ను పిలిచిన తమ్ముళ్లు ఫోన్ చేసి "అక్కా, మా వాడల చానామందికి నిద్ర పడ్తలేదు. నీకు ఆకులు అలములు తెలుసు కదా, వచ్చి చెప్పిపో" అన్నారు. వచ్చిన. నేను డాక్టర్‌ను కాదని ముందే చెప్తున్న. ఇరవై ఏండ్ల నుంచి వాడవాడ తిరుగుతున్న మనిషిని, అంతే. పొద్దున వచ్చి మీ వాడంతా తిరిగిన. ముప్పై గడపలు ఎక్కి దిగిన. ఒక్క ఇంటికి మాత్రం నన్ను ఎవరూ తీసుకపోలేదు. ఆ సంగతి చివరికి మాట్లాడుకుందాం.

నిద్ర లేదని చెప్పినవాళ్లు ఏం చెప్పారు? "పండుకుంటే కన్ను మూతబడ్తది. కుక్క మొరిగితే మెలుకువొస్తది. మళ్ల పట్టది." దగ్గర దగ్గర అందరూ ఇదే మాట. ఒక అక్క ఇంకో మాట చెప్పింది. "పిల్లలు పట్నం పోయినప్పటి నుంచి ఇంట్ల చప్పుడు లేక నిద్ర పడ్తలేదు" అన్నది. చూడండి, ఒకరికి చప్పుడైతే నిద్ర లేదు, ఒకరికి చప్పుడు లేక నిద్ర లేదు. ఈ రెండింటికీ ఒకే ఆకు ఎట్ల పని చేస్తది?

ఆకుల సంగతి నాకు నేర్పింది మా వాడ ముసలమ్మ. ఆమె పేరు చెప్పను. మేమందరం మందులవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె మంత్రసాని. మా వాడలోనే కాదు, దొర గడీలో కూడా ఆమె చేతి మీదనే పిల్లలు పుట్టారు. బిడ్డ బయట పడేదాకా ఆమె చెయ్యి కావాలి. పురుడు పోసి బయటికొచ్చినాక ఆమె నడిచిన చోటల్లా పసుపునీళ్లు చల్లేవాళ్లు. ఆమెకు ఇచ్చే గింజలు దూరం నుంచి కొంగులో పోసేవాళ్లు. బొడ్డుపేగు కోసిన చేతిని తాకితే మైల అంట. ఈ దేశంలో వైద్యం అంటే గ్రంథం ఉన్నవాడిదే అని మనకు చెప్పారు. గ్రంథం లేని వైద్యం ఆడదాని చేతిలో, అంటరానిదాని చేతిలో వేల ఏండ్లు నడిచింది. దానికి పేరు లేదు, ఫీజు లేదు, బోర్డు లేదు.

నిద్రకు ఆమె ఏమిచ్చేది? చాలా మటుకు కడుపులోకి ఏమీ ఇవ్వకపోయేది. పైపై మందే. అరికాళ్లకు, మాడుకు ఆముదం మర్దన. వావిలాకు ఎండబెట్టి, గుడ్డ సంచిలో కుట్టి తల కింద దిండు. వావిలాకు నీళ్లు కాగబెట్టి స్నానం. తలనొప్పి, జలుబు, ఒంటినొప్పులు ఉన్నోళ్లకు ఇది హాయిగా ఉంటది. నొప్పి తగ్గితే నిద్ర దానంతటదే వస్తది. ఆముదం రాసేటప్పుడు ఆమె మాట్లాడుతుండేది. నీ కోడలేమన్నది, నీ బర్రె ఈనిందా, పత్తికి ఎంత కూలి ఇచ్చిండు అని అడుగుతుండేది. నాకు ఇప్పుడు అనిపిస్తది, సగం మందు ఆ అడుగుడే.

లోపలికి ఇచ్చేవి రెండో మూడో ఉండేవి. నీళ్ల వారగా, ఒరాల పక్కన పెరిగే సరస్వతి ఆకు. పెన్నేరు గడ్డ, అదే ఇప్పుడు అశ్వగంధ అని సీసాల్లో అమ్ముతున్నారు. ఎండిన గడ్డను దంచి, జల్లించి, పాలలో కలిపి రాత్రిపూట తాగమనేది. ఈ గడ్డకు శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులోనే నిద్ర తెప్పించేది అనే అర్థం ఉంది. ఊరికే పెట్టలేదు. 2021లో కొందరు పరిశోధకులు అయిదు పరీక్షలను కలిపి, 400 మంది లెక్క చూసి, పెన్నేరు గడ్డ నిద్రకు కొంత మేలు చేస్తదని రాశారు. కొంత అన్నారు. అద్భుతం అనలేదు. అట్లని అందరూ తాగేది కాదు. కడుపుతో ఉన్నోళ్లు ముట్టొద్దు. థైరాయిడ్ గోళీలు వేసుకునేవాళ్లు, షుగర్ మందు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. కొందరికి లివర్ దెబ్బతిన్నదని కూడా రాసి ఉంది. ఆకు కదా, ఏం చేస్తది అనుకోవద్దు. ఉమ్మెత్త కూడా ఆకే. ఉమ్మెత్త గింజతో నిద్ర వస్తదని ఎవడన్నా చెప్తే వాణ్ని వాడలోకి రానియ్యొద్దు. అది మతి తప్పిస్తది, ప్రాణం తీస్తది.

సర్పగంధి వేరు సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే అందులో మన కథ ఉంది. పిచ్చి పట్టినోళ్లకు, నిద్ర లేనోళ్లకు ఈ వేరు ఇవ్వడం మన దేశంలో పల్లె వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే కలకత్తా వైద్యులు దీని గురించి వైద్య పత్రికలో రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జల్ వకీల్ ఇది బి.పి. తగ్గిస్తదని ఇంగ్లండ్ పత్రికలో రాశాడు. 1952లో స్విట్జర్లాండు కంపెనీ సీబా వాళ్లు ఆ వేరులో నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. గోళీలు తయారయినయి. లోకమంతా అమ్ముడుపోయినయి. వేరు తవ్విన చేతి పేరు ఎక్కడన్నా ఉందా? లేదు. సరే, అది ఒక సంగతి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మందు వాడిన కొందరిలో దిగులు పెరుగుతున్నదని 1950లలోనే డాక్టర్లు రాశారు. ఒంటరితనంతో నిద్రపట్టనివాడికి సర్పగంధి ఇస్తే దిగులు మీద దిగులు ఎక్కించినట్టయితది. బి.పి. గోళీలు వేసుకునేవాళ్లయితే ఒక్కసారిగా బి.పి. పడిపోవచ్చు. మందులవ్వ ఈ వేరును మూట కట్టి దాచి ఉంచేది. అడిగినోళ్లందరికీ ఇచ్చేది కాదు. "ఇది మందు కాదు బిడ్డా, ఇది తాడు. పట్టుకునే చెయ్యి తెలిసి ఉండాలె" అనేది.

ఇప్పుడు మన వాడల్లో నిద్రకు ఎక్కువగా వాడుతున్నది ఆకూ కాదు, వేరూ కాదు. కల్తీ కల్లు. చెట్టు కల్లు గురించి నేను మాట్లాడటం లేదు. తెలంగాణలో దుకాణాల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలుపుతున్న సంగతి మీకు తెలియనిది కాదు. ఇవన్నీ నిద్రమందులే. కూలి చేసి వచ్చి రెండు సీసాలు తాగితే నిద్ర పట్టింది అనుకుంటున్నం. 2015 సెప్టెంబరులో దాడులు చేసి కల్తీ బందు పెట్టినప్పుడు ఏమయింది? నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం చేతులు వణికి, మతి తప్పి, ఒకరినొకరు గుర్తుపట్టక ఆసుపత్రుల ముందు వరుసలు కట్టారు. అప్పుడు తెలిసింది, ఎన్ని ఏండ్లుగా మనం సీసాలో నిద్ర కొనుక్కుంటున్నమో. అందుకే ఒక మాట. అలవాటు ఉన్నవాళ్లు ఒక్కరోజులో బందు పెట్టొద్దు. సర్కారు దవాఖానకు పోయి, మెల్లమెల్లగా తగ్గించుకోవాలె. ఆర్.ఎం.పి. దగ్గర నిద్ర గోళీల పట్టీలు కొనే ఆడోళ్లకు కూడా ఇదే మాట.

ఇక అసలు సంగతికొస్తున్న. నిద్ర ఎందుకు పోతది?

కొన్నేండ్ల కింద ఒక ఊరికి పోయిన. చావుకు డప్పు కొట్టడానికి కూలి ఎంత ఇస్తరు అని మాదిగ పిల్లలు అడిగినందుకు ఊరు వాళ్లను వెలేసింది. చాటింపు వేశారు. కిరాణ దుకాణంలో ఉప్పు లేదు. పిండి గిర్నీ బందు. ఆటోలో ఎక్కించుకోరు. వాడోళ్లతో మాట్లాడితే జరిమానా. కొట్టలేదు, తిట్టలేదు. ఊరోళ్లు ఎదురుపడితే తల తిప్పుకొని పోతున్నారు, అంతే. నేను పోయిన్నాటికి నలభై రోజులయింది. ఆ వాడలో నిద్రపోయిన మనిషి కనిపించలేదు. మగోళ్లు కర్రలు పట్టుకొని కాపలా. ఆడోళ్లు పిల్లల మీద చెయ్యి వేసి కూర్చునేవాళ్లు. ఎవడొచ్చి గుడిసెకు అగ్గి పెడ్తడో అని భయం. నేను నా తెలివి చూపించుకుందామని ఒక తల్లికి పెన్నేరు గడ్డ పొడి ఇచ్చి, పాలలో కలిపి తాగమని చెప్పిన. ఆమె నా మొఖం చూసి నవ్వింది. "పాలెవరు పోస్తున్రు బిడ్డా మాకు?" అన్నది.

నాకు సిగ్గయింది. వావిలాకు తెచ్చుకోమని చెప్దామంటే వావిలి చెట్లు వాగు ఒడ్డున ఉన్నయి. వాగుకు పోయే బాట పటేలు పొలం గట్టు. సరస్వతి ఆకు కాలువ పక్కన ఉంది, కాలువ దగ్గరికి రానియ్యరు. మన మందులన్నీ గట్టు మీద, చెరువు మీద, వాగు మీద ఉంటయి. ఆ గట్టు ఎవడిది? నేల లేనోడికి మూలిక కూడా లేదని ఆ రోజు తెలిసింది.

వెలివేత గురించి బాబాసాహెబ్ చాలా ముందే చెప్పాడు. 1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. 1930లో ఆ కమిటీ రిపోర్టు ఇచ్చింది. మనల్ని అణచడానికి సాంఘిక బహిష్కరణను మించిన ఆయుధం లేదని, దాని ముందు బాహాటంగా కొట్టడం కూడా తక్కువేనని, ఎందుకంటే అది చట్టబద్ధంగా కనిపిస్తదని ఆ రిపోర్టు సారం. 1947లో రాసిన రాజ్యాలు, అల్పసంఖ్యాకులు అనే పత్రంలో బహిష్కరణను నేరంగా పెట్టమని అడిగాడు. 1922లోనే బర్మాలో అట్లాంటి చట్టం ఉంది. మనకు ఎప్పుడొచ్చింది? 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టంలో 2015లో సవరణ చేసి, సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ అనే మాటలకు అర్థం రాసి, ఆరు నెలల నుంచి అయిదేండ్ల దాకా శిక్ష పెట్టారు. 2016 జనవరి 26 నుంచి అమలు. బాబాసాహెబ్ అడిగిన తర్వాత దగ్గర దగ్గర డెబ్బై ఏండ్లకు! అటు ఆంధ్రలో గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. దానికి ముందు జరిగింది ఏమిటి? బహిష్కరణే. కూలి బందు పెట్టారు. సవరణ వచ్చినాక కూడా, 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు దళితులను వెలేశారు.

వెలేస్తే ఆకలయితది, అది అందరికీ తెలుసు. నిద్ర పోతదని ఏ రిపోర్టులోనూ రాయరు. ఫిర్యాదు రాసేటప్పుడు మనం కూడా రాయం. పనులు బందు పెట్టిండ్రు, నీళ్లు బందు పెట్టిండ్రు అని రాస్తం. నలభై రాత్రులు కన్ను మూయలేదని కూడా రాయండి. పోలీసోడు నవ్వితే నవ్వనీ.

మనిషి ఒంటరి అయితే నిద్ర ఎందుకు తెగుతది? దీని మీద అమెరికాలో పరిశోధన చేశారు. దక్షిణ డకోటాలో హట్టరైట్లు అనే క్రైస్తవ సమాజం ఉంది. ఆస్తి ఉమ్మడి, పని ఉమ్మడి, ఒక్కచోట తినేవాళ్లు. వాళ్లలో 95 మందిని చూసి 2011లో రాశారు. చేతికి గడియారంలాంటి యంత్రం కట్టి రాత్రి ఎన్నిసార్లు కదిలారో లెక్క పెట్టారు. నాకెవరూ లేరు అని లోపల అనుకునేవాళ్ల నిద్ర ఎక్కువ ముక్కలయింది. పడుకున్న గంటలు తక్కువ కాలేదు, నిద్ర తెగింది. పొద్దున మీరు నాకు చెప్పిందీ అదే. మంద నుంచి తప్పిపోయిన గొర్రె పండుకుంటదా? నా పక్కన ఎవరూ లేరు అని తెలిసినప్పుడు చెవి మేల్కొనే ఉంటది. ఇది రోగం కాదు, కాపలా. అట్లాంటి కాపలా కాసే మనిషికి మత్తు మందు పోస్తే ఏం లాభం?

ఇంకో విషయం గమనించండి. ఆ హట్టరైట్లు అందరూ కలిసి ఉండే మనుషులు. అయినా అందులో కొందరు ఒంటరిగా ఉన్నారు. నడి వాడలో ఉన్న మనిషి కూడా ఒంటరి కావచ్చు.

ఇప్పుడు మందులవ్వ దగ్గరికి మళ్లీ వస్తున్న. చెప్పాలంటే నోరు రావడం లేదు, కానీ చెప్తాను.

నాకు పదేండ్లప్పుడు మా వాడలో వారం తేడాతో ఇద్దరు పిల్లలు చనిపోయారు. వాంతులు, విరేచనాలు. బాయి నీళ్లు చెడిపోయినయి, ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఎవడో మందులవ్వ బాణామతి చేసింది అన్నాడు. ఇంట్లో వేర్లున్నయి, ఆకులున్నయి, మొగడు లేడు, కొడుకు లేడు, ఇంకేం సాక్ష్యం కావాలె? పండ్లు పీకుతమని కొందరు లేచారు. పెద్దమనుషులు ఆపారు. ఆపి, ఆమెతో ఎవరూ మాట్లాడొద్దు అని తీర్పు చెప్పారు. పండ్లు పీకలేదు కదా, దయ చూపించినం అనుకున్నం. దొర కాదు, పటేలు కాదు. మేమే. మా వాడే. మా ఇల్లు కూడా.

బడికి పోయేటప్పుడు ఆమె గడప ముందు నుంచే పోయేవాళ్లం. "బిడ్డా" అని పిలిచేది. నేను ఉరికేదాన్ని. రాత్రిపూట ఆమె గుడిసెలో దీపం ఆరేది కాదు. నిద్ర పోదు, మంత్రాలు చదువుతది అనేవాళ్లు. మంత్రాలు ఎక్కడివి? ఊరందరికీ నిద్ర ఇచ్చిన మనిషికి నిద్ర లేదు. ఆముదం ఆమె దగ్గర లేదా? వావిలాకు లేదా? గడ్డ లేదా? అన్నీ ఉన్నయి. ఆముదం రాసుకుంటూ మాట్లాడటానికి మనిషి లేదు.

అట్ల ఏడాది గడిచింది. ఒక అర్ధరాత్రి మా అమ్మకు నొప్పులొచ్చినయి. బిడ్డ అడ్డం తిరిగింది. బండి లేదు, దవాఖాన పదిహేను కిలోమీటర్లు. మా నాయన దొడ్డిదారిన పోయి ఎవరిని తెచ్చిండు? మందులవ్వనే. వచ్చింది. ఒక్క మాట అనలేదు. తెల్లవారుజామున మా తమ్ముడు పుట్టాడు. ఆమె చేతులు కడుక్కొని మా అరుగు మీద ఒరిగింది. లోపల మా అమ్మ, నాయనమ్మ మాట్లాడుకుంటున్నారు, పసిపిల్లగాడు ఏడుస్తున్నాడు, బయట మేకలు అరుస్తున్నయి. ఇంత చప్పుడులో ఆ ముసలమ్మ గురక పెట్టి నిద్రపోయింది. నోరు తెరుచుకొని, చిన్నపిల్ల లెక్క. ఏ ఆకూ నమల్లేదు.

మా నాయన ఆమె భుజం తట్టి లేపిండు. "అవ్వా, తెల్లారుతుంది. జనం లేస్తున్నరు" అన్నడు. ఆమె లేచి, చీర సర్దుకొని, దొడ్డిదారినే పోయింది. గడీలో పసుపునీళ్లు చల్లినోళ్లకూ మాకూ ఏం తేడా ఉందో ఈనాటికీ నేను చెప్పలేను. ఆమె ఇంకో రెండేండ్లు బతికింది. ఒక చలికాలం రోజు మధ్యాహ్నం దాకా ఆమె మేక కట్టు మీదనే అరుస్తుంటే పోయి చూశారు.

ఊరోళ్లు మనల్ని వెలేస్తే అట్రాసిటీ కేసు పెట్టొచ్చు. డి.ఎస్.పి. హోదా ఉన్న ఆఫీసర్ విచారించాలె. ఎఫ్.ఐ.ఆర్. కంటే ముందు ప్రాథమిక విచారణ అంటూ తిప్పడానికి లేదు, 2018 సవరణలో అది స్పష్టంగా ఉంది. 14566కు ఫోన్ చేయొచ్చు. మంత్రగత్తె అని మన మనిషిని ఊరోళ్లు హింసిస్తే అదీ అదే చట్టం కింద నేరం. కానీ మన మనిషిని మనమే వెలేస్తే ఆ చట్టం వర్తించదు. మహారాష్ట్రలో కులపంచాయతీల వెలివేతకు కూడా శిక్ష పడేటట్టు 2016లో వేరే చట్టం చేశారు. చట్టం సంగతి అట్ల ఉంచండి, గడప దాటి పోయి పలకరించడానికి చట్టం ఎందుకు?

ఆకులు అడిగారు కాబట్టి ఆకులు చెప్పిన. ఆముదం, వావిలి దిండు ఎవరైనా వాడుకోవచ్చు. సాయంత్రం అయినాక చాయ తగ్గించండి. సెల్‌ఫోన్ దిండు కింద పెట్టుకోకండి. నిద్ర లేక వారాలు గడుస్తుంటే, అన్నం పోకపోతే, చావాలని మాట వస్తే, ఆ మనిషిని ఒక్కణ్ని వదలొద్దు, దవాఖానకు తీసుకపోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. మన పిల్లలు హాస్టళ్లలో, యూనివర్సిటీల్లో ఒక్కొక్కరు రూముల్లో మేల్కొని ఉంటున్నారు. వాళ్లకు కూడా ఈ నంబరు ఇవ్వండి. అంతకంటే ముందు రాత్రి తొమ్మిదింటికి మీరే ఒకసారి ఫోన్ చేసి తిన్నవా అని అడగండి.

నేను చెప్పిన ఆ వెలి పడిన వాడలో చివరికి ఆడోళ్లు ఏం చేశారంటే, ఎవరి గుడిసెలో వాళ్లు మేల్కొని ఉండటం మానేశారు. చాపలు తెచ్చి చర్చి ముందర అందరూ ఒక్కచోట పడుకున్నారు. వంతులు పెట్టుకున్నారు. నలుగురు కాపలా, మిగిలినోళ్లు నిద్ర. రెండో రాత్రికి పిల్లలు తెల్లారేదాకా లేవలేదు. కేసు అయింది, దుకాణం తెరిచారు, అది వేరే కథ.

ఇక ఆ ఇంటి సంగతి. ఈ వాడ చివర, చింతచెట్టు అవతల రేకుల ఇల్లు. పొద్దున నేను అటు తిరిగితే "అక్కడేం లేదు అక్కా, ఇటు రా" అన్నారు. అక్కడ ఏమీ లేకపోవడం కాదు, పొయ్యిలో పొగ లేస్తున్నది. ఆమె ఈ సభకు ఎందుకు రాలేదో మీకు తెలుసు. నన్ను పిలిచిన తమ్ముళ్లకూ తెలుసు. మీ మీద కోపంతో అనటం లేదు. నేనూ ఒకప్పుడు ఉరికినదాన్నే.

సభ అయిపోయినాక నేను ఆ ఇంటికి పోతున్న. ఈ రాత్రి అక్కడనే పంటా. నా సంచిలో ఆముదం సీసా ఉంది. చాప ఒక్కటే ఉంది, ఇంకో రెండు కావాలె. ఎవరొస్తరో రండి.

జై భీమ్.